తెలుగు పత్రికల్లో వాస్తవం తయారయ్యే తీరు: కనిపించే పక్షపాతం, కనిపించని పక్షపాతం

సంక్షిప్తంగా: తెలుగు దినపత్రికల రాజకీయ మొగ్గు ఎటో పాఠకులకు తెలుసు. ఎదురెదురుగా నిలిచే రెండు పత్రికలు చదివితే అసలు సంగతి తేలిపోతుందన్న నమ్మకమూ బలంగా ఉంది. అయితే ఏది వార్త, ఎవరి మాట ఆధారం, వాక్యం ఎలా రాయాలి, ఏ జిల్లా వార్త ఎక్కడిదాకా వెళ్లాలి, ఎవరి ప్రకటనలు కావాలి అనే విషయాల్లో వైరి పత్రికలు దాదాపు ఒకే దారిన నడుస్తాయి. ఆ దారిలో పుట్టే వక్రత ఒక పత్రికను మరో పత్రికతో పోల్చి చూసినా బయటపడదు. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

అందరికీ తెలిసిన మొగ్గు

పత్రికకు ఒక పక్షం ఉండటం తెలుగునాట కొత్త కాదు. 1908లో బొంబాయిలో మొదలైన ఆంధ్రపత్రిక జాతీయోద్యమం పక్షాన నిలిచింది. 1926లో హైదరాబాదు నుంచి వెలువడిన గోలకొండ పత్రిక నిజాం రాజ్యంలో తెలుగువారి గొంతుగా పనిచేసింది. కమ్యూనిస్టు పత్రికలైన విశాలాంధ్ర, ప్రజాశక్తి ఏ పార్టీలవో ఎవరూ దాచలేదు, అవీ దాచుకోలేదు. పక్షం బహిరంగంగా ఉన్నప్పుడు పాఠకుడు దానికి తగినట్టే చదువుకుంటాడు.

పరిస్థితి మారింది పెద్ద సర్క్యులేషన్ పత్రికల దశలో. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1982, 83లలో తెలుగుదేశం పార్టీ ఆవిర్భావానికీ విజయానికీ ఇచ్చిన ప్రాధాన్యంతో ఒక దినపత్రిక ఎన్నికల వాతావరణాన్ని ఎంతగా ప్రభావితం చేయగలదో రాజకీయ పార్టీలన్నిటికీ అర్థమైంది. 2008 మార్చి 24న వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి కుటుంబ సంస్థ నుంచి సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది. 2011 జూన్‌లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ నేపథ్యంలో, టీఆర్‌ఎస్ నాయకత్వానికి సన్నిహితంగా నమస్తే తెలంగాణ మొదలైంది. ఈ పత్రికలేవీ తమను పార్టీ పత్రికలుగా పేర్కొనలేదు. సాధారణ దినపత్రిక రూపంలో, సాధారణ వార్తా భాషలో వస్తూనే ఒక వైపు మొగ్గాయన్న విమర్శను ఎదుర్కొన్నాయి.

2019 డిసెంబరు 17న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చాక అమరావతి విషయంలో జరిగింది దీనికి దగ్గరి ఉదాహరణ. ఈనాడు, ఆంధ్రజ్యోతిలలో రాజధాని గ్రామాల రైతుల, ముఖ్యంగా మహిళల ఆందోళన రోజువారీ ప్రధాన వార్తగా నిలిచింది. సాక్షిలో ఆ ప్రాంత భూముల కొనుగోళ్లపై అక్రమాల ఆరోపణలకు పెద్ద పీట దక్కింది. ఆందోళన నిజంగా జరిగింది. ఆరోపణలు, కేసులు కూడా నిజంగానే నమోదయ్యాయి. రాజధాని సంగతి ముందే తెలుసుకుని భూములు కొన్నారన్న ‘ఇన్‌సైడర్ ట్రేడింగ్’ కేసును 2021 జనవరిలో హైకోర్టు కొట్టివేయడం, అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించడం కూడా జరిగాయి. ఉన్న సంగతుల్లో దేనిని రోజూ మొదటి పేజీలో ఉంచాలి, దేనిని ఒకసారి చెప్పి వదిలేయాలి అనే నిర్ణయంతోనే రెండు వేర్వేరు అమరావతులు తయారయ్యాయి. అబద్ధం రాయనవసరం లేకుండానే పక్షపాతం పనిచేయగలదనడానికి ఇంతకంటే స్పష్టమైన సందర్భం అరుదు.

మండల విలేకరి నుంచి డెస్కు దాకా

పార్టీల సంగతి పక్కన పెట్టి, ఒక వార్త పుట్టే క్రమాన్ని చూస్తే అసలు నిర్మాణం కనిపిస్తుంది. తెలుగు పత్రికల గ్రామీణ వార్తల్లో అధిక భాగం మండల స్థాయి విలేకరులు పంపేవే. వీరిలో చాలామందికి నెల జీతం లేదు. అచ్చయిన వార్త నిడివిని బట్టి కొద్ది మొత్తం అందుతుంది. ప్రకటనలు తేవడం, చందాదారులను చేర్పించడం కూడా అదే విలేకరి మీద పడుతుంది. ఏ స్థానిక నాయకుడి దగ్గర, ఏ వ్యాపారి దగ్గర ప్రకటన అడగాలో ఆ మనిషి గురించే వార్త రాయాల్సిన స్థితి ఇది. ఇక్కడ విలేకరి నిజాయతీ కంటే ముందు ప్రశ్నించాల్సింది ఈ ఏర్పాటును.

వార్త ఎక్కడ దొరుకుతుందన్నది రెండో అంశం. పోలీస్ స్టేషన్, తహసీల్దార్ కార్యాలయం, ప్రభుత్వాసుపత్రి, పార్టీ ప్రెస్ మీట్, మార్కెట్ యార్డు: ఇవి రోజూ వార్తలిచ్చే చోట్లు. అక్కడ మాట్లాడటానికి ఒక అధికారి ఉంటారు, ప్రెస్ నోట్ ఉంటుంది, ఫొటో దొరుకుతుంది. సాయంత్రంలోగా వార్త, దాన్ని ఎంపిక చేసి దిద్దే డెస్కుకు చేరాలంటే విలేకరి ఈ చోట్ల చుట్టూనే తిరగాలి. అందువల్ల ఎవరో ఒకరు నిర్వహించిన సంఘటన వార్తవుతుంది, నెమ్మదిగా సాగే విపత్తు వార్త కాదు. నల్లగొండ జిల్లా నీటిలో ఫ్లోరైడ్ సమస్యను దశాబ్దాల కిందటే గుర్తించారు. ఎముకలు వంగిపోయిన మనుషులు తరతరాలుగా ఆ గ్రామాల్లో బతికారు. అయినా ధర్నా జరిగిన రోజునో, మంత్రి వచ్చిన రోజునో తప్ప ఆ నీళ్లు వార్తలోకి రావడం కష్టమే, ఎందుకంటే నిన్నటికీ ఇవాళ్టికీ మారినదేమీ ఉండదు. దినపత్రిక కొలిచేది ఒక్క రోజులో వచ్చిన మార్పును. ముప్పయ్యేళ్లలో వచ్చిన మార్పు ఆ కొలతకు అందదు.

మూడోది జిల్లా ఎడిషన్. 1989లో ఈనాడు ప్రధాన పత్రికతో పాటు జిల్లా అనుబంధాలు ప్రవేశపెట్టింది. తర్వాత మిగిలిన పత్రికలన్నీ ఆ దారి పట్టాయి. దీనివల్ల మారుమూల ఊరి బోరుబావి, బడి, బస్సు కూడా అచ్చులోకి వచ్చాయి. తమ ఊరి పేరు పేపర్లో చూసుకున్న లక్షల మంది కొత్త పాఠకులయ్యారు. ఈ మేలును తక్కువ చేయడం అన్యాయం. కానీ అదే విభజన వార్తను జిల్లా సరిహద్దు దాటనివ్వదు. ఒకే రకం నకిలీ విత్తనంతో పది జిల్లాల్లో రైతులు నష్టపోతే, పది జిల్లా పేజీల్లో పది స్థానిక వార్తలు వస్తాయి. అవన్నీ ఒకటేనని గుర్తించి రాష్ట్ర స్థాయి పేజీకి ఎక్కించే మనిషి డెస్కులో ఉంటే తప్ప, ప్రతి జిల్లా పాఠకుడికీ అది తమ ఊరి దురదృష్టంగానే మిగులుతుంది. 2009 డిసెంబరు 9 నాటి తెలంగాణ ప్రకటన నుంచి 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయే దాకా ఇదే ఏర్పాటు మరో రూపంలో పనిచేసింది. రెండు ప్రాంతాల్లోనూ ఎడిషన్లున్న పత్రికలు ఒకే రోజు తెలంగాణలో ఒక ప్రాధాన్యంతో, సీమాంధ్రలో మరో ప్రాధాన్యంతో వెలువడ్డాయి. రాష్ట్ర విభజన గురించి హైదరాబాదులో చదివిన కథ, అనంతపురంలో చదివిన కథ ఒకే పత్రిక పేరు కిందే వేరయ్యాయి. అవతలి ప్రాంతపు పాఠకుడు ఏమి చదువుతున్నాడో ఇవతలి వారికి తెలిసే వీలే లేకపోయింది.

ఒకే మూలం నుంచి వచ్చిన కథ: చటాన్‌పల్లి

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ వద్ద పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. పోలీసులు నలుగురిని అరెస్టు చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కుని కాల్పులు జరపడంతో ఆత్మరక్షణకు ఎదురుకాల్పులు జరిపామని పోలీసులు అదే రోజు ఘటనా స్థలంలో ప్రెస్ మీట్ పెట్టి చెప్పారు.

మర్నాడు పత్రికలకు దొరికిన ఆధారం అదొక్కటే.  పార్టీల పరంగా ఏ విషయంలోనూ పొసగని పత్రికలు కూడా ఆ రోజు ప్రధానంగా ఒకే కథనాన్ని అందించాయి. పోలీసులపై జనం పూలు చల్లిన దృశ్యాలు, ‘న్యాయం జరిగింది’ అన్న భావన పేజీలను నింపాయి. మానవ హక్కుల సంఘాల ప్రశ్నలు అచ్చవలేదని కాదు. అవి ఎక్కడో లోపలి పేజీలో, ఎవరో కొందరి అభిప్రాయంగా వచ్చాయి. పోలీసుల మాట మాత్రం వాస్తవంగా వచ్చింది. ఒక పక్షం మాటను సంఘటనగా, మరో పక్షం మాటను వ్యాఖ్యగా అమర్చడంతోనే పాఠకుడి తీర్పు సగం ఖరారైపోతుంది.

సుప్రీంకోర్టు ఆ నెలలోనే జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ నాయకత్వంలో విచారణ కమిషన్‌ను నియమించింది. 2022 జనవరిలో సమర్పించి, మే నెలలో బయటికొచ్చిన నివేదిక పోలీసుల కథనాన్ని నమ్మదగనిదిగా తేల్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని పేర్కొంటూ పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. తదుపరి వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. నివేదిక వార్తను పత్రికలు ఇచ్చాయి. కానీ 2019 డిసెంబరు 7 నాటి మొదటి పేజీ జనం మనసులో నిలిపిన బొమ్మను రెండున్నరేళ్ల తర్వాత వచ్చిన వార్త చెరపగలదా అన్నది వేరే విషయం. మొదటి రోజు ఎవరి మాట అచ్చయిందన్నదే ఎక్కువకాలం నిలుస్తుంది. నేర వార్తల్లో ఆ మొదటి మాట ఎప్పుడూ పోలీసులదే.

వాక్యంలోనే ఉన్న తీర్పు

వార్తా శీర్షికల్లో కర్త లేని వాక్యాలు ఎక్కువ. ‘లాఠీచార్జి’, ‘ఉద్రిక్తత’, ‘తోపులాట’ అంటే చాలు, ఎవరు ఎవరిని కొట్టారో చెప్పే పని తప్పుతుంది. ‘పోలీసులు కొట్టారు’ అని రాస్తే ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. ‘ఉద్రిక్తత చోటుచేసుకుంది’ అని రాస్తే ఆ ప్రశ్న రాదు. దళితులపై జరిగిన దాడి ‘ఇరువర్గాల ఘర్షణ’ అయినప్పుడు కొట్టినవారు, దెబ్బలు తిన్నవారు ఒకే వరసలోకి వచ్చేస్తారు. 

మ్యాన్‌హోల్ మరణాల వార్తలు ఇందుకు మరీ బాధాకరమైన నిదర్శనం. మురుగు శుభ్రం చేయడానికి దిగిన కార్మికులు ‘ఊపిరాడక మృతి’ చెందారని శీర్షిక వస్తుంది. విషవాయువు, ప్రమాదం, కుటుంబ సభ్యుల రోదన వార్తలో ఉంటాయి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ప్రమాదకరమైన మురుగు శుభ్రతకు దించడాన్ని, పాకీ పని నిషేధానికి తెచ్చిన 2013 చట్టం నేరంగా నిషేధించింది. ఇలాంటి మరణానికి రూ.10 లక్షల పరిహారమివ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో దాన్ని రూ.30 లక్షలకు పెంచింది. దించింది ఏ కాంట్రాక్టరు, పని అప్పగించింది ఏ విభాగం, కేసు ఏ సెక్షన్ కింద పెట్టారు అనే మూడు విషయాలు చేరితే అదే వార్త నేర వార్త అవుతుంది. చేరకపోతే తలరాత వార్తగా మిగులుతుంది. ఇందులో ఏ పార్టీ ప్రయోజనమూ లేదు. అందుకే ఏ పత్రికా దీని కోసం మరో పత్రికను తప్పుపట్టదు.

అదే యంత్రాంగం మేలు చేసినప్పుడు

నిర్మాణం అన్నంత మాత్రాన అది ఎప్పుడూ అన్యాయమే కాదు. నెల్లూరు జిల్లాలో 1990ల ఆరంభంలో అక్షరాస్యతా కార్యక్రమం ఊపందుకుంది. వాచకాల్లోని సారా పాఠాలు, ఇంట్లోని అనుభవం కలిసి దూబగుంట మహిళలను కదిలించాయి. రోశమ్మ వంటి వారి చొరవతో ఊళ్లో సారా దుకాణం మూతపడింది. 1992లో ఉద్యమం జిల్లా అంతటా, తర్వాత రాష్ట్రమంతటా వ్యాపించింది. ఈనాడు ఈ ఉద్యమానికి నెలల తరబడి రోజూ ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. ఇక్కడ జిల్లా సరిహద్దును పత్రికే చెరిపేసింది. ఒక ఊరి ఆడవాళ్లు సారా వేలంపాటను అడ్డుకున్న సంగతి మరో జిల్లాలోని ఆడవాళ్లకు మర్నాటికల్లా చేరింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చాయి.

ఏమి ఆలోచించాలో పత్రిక చెప్పలేకపోయినా, దేని గురించి ఆలోచించాలో చెప్పగలదన్నది ప్రసార మాధ్యమాల అధ్యయనంలో పాత సూత్రం. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో నార్త్ కరొలినాలోని చాపెల్ హిల్ ఓటర్లపై మెకూంబ్స్, షా చేసిన పరిశోధన దీనికి ఆధారం. నెల్లూరు అనుభవం దానికి ఒక చేర్పునిస్తుంది: ప్రాధాన్యం ఇవ్వగల చేతికే దాన్ని ఉపసంహరించే శక్తీ ఉంది. 1997లో సంపూర్ణ మద్యనిషేధం ఎత్తివేసే నాటికి ఊరూరి మహిళల మాట మొదటి పేజీని నడిపే స్థితి పోయింది. ఖజానా నష్టం, కల్తీ, అక్రమ రవాణా చర్చకు కేంద్రమయ్యాయి. అవి కూడా నిజమైన సమస్యలే. అయితే ప్రశ్న అడిగే హక్కు ఇంటి నుంచి ఖజానాకు మారిపోయింది.

ప్రకటన పేజీ, వార్త పేజీ

పత్రిక తయారీ ఖర్చుకు పాఠకుడు చెల్లించే ధర చాలదు. మిగిలినది ప్రకటనలదే. ప్రభుత్వ ప్రకటనలు ఏ పత్రికకు ఎన్ని వస్తాయన్నది ప్రతి ప్రభుత్వం మారినప్పుడూ వివాదమవుతుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండున్నర లక్షలకు పైగా ఉన్న వాలంటీర్లకు విస్తృత సర్క్యులేషన్ గల దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు రూ.200 చొప్పున ఇస్తూ ఉత్తర్వు జారీ చేసింది. అది సాక్షికి మేలు చేసేందుకేనంటూ ఈనాడు కోర్టుకెక్కింది. వ్యాజ్యాన్ని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. ఈ తగాదా బహిరంగం కనుక పాఠకులకు దాని గురించి తెలిసింది.

బహిరంగం కానిది ప్రైవేటు ప్రకటనల వైపు ఉంది. ఇంటర్, జేఈఈ, నీట్ ఫలితాలు వచ్చిన మర్నాడు తెలుగు పత్రికల మొదటి పేజీలు పత్రికను చుట్టి వచ్చే కార్పొరేట్ కళాశాలల ర్యాంకుల జాకెట్ ప్రకటనలతో నిండుతాయి. పాఠకుడు ముందు చూసేది ఫొటోల వరసలను, తర్వాతే వార్తను. ర్యాంకు రానివారెందరు, హాస్టళ్లలో చదువు ఎన్ని గంటలు, ఏ కళాశాలలో ఎందరు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు అనే విషయాలకు అంత స్థలం ఎన్నడూ దక్కలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, విద్యార్థుల ఆత్మహత్యలు వరసగా జరిగినప్పుడు పత్రికలు గట్టిగానే రాశాయి. అక్కడ నిలదీయాల్సింది ఇంటర్ బోర్డును, సాఫ్ట్‌వేర్ సంస్థను. కళాశాల లోపల జరిగే మరణం దగ్గరికి వచ్చేసరికి ‘ఓ ప్రైవేటు కళాశాల’ అన్న మాట పేరును కాపాడుతుంది. తెలుగుదేశానికి దగ్గరైనదైనా, వైఎస్సార్‌సీపీకి దగ్గరైనదైనా ఫలితాల రోజు ప్రతి పత్రిక మీదా కనిపించేది ఆ జాకెట్టే.

చెల్లింపు వార్తల చరిత్ర మరింత నిశితంగా చూడదగినది. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల నుంచి డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తగా అచ్చేసిన వ్యవహారాన్ని ఆంధ్రప్రదేశ్‌లో జర్నలిస్టుల సంఘమే పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా సర్వేతో బయటపెట్టింది. పత్రికలపై ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో సభ్యులుగా ఉన్న కె. శ్రీనివాస్ రెడ్డి, పరంజయ్ గుహా ఠాకుర్తా పత్రికల పేర్లతో సహా 2010లో సుదీర్ఘ నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ దాన్ని యథాతథంగా ప్రచురించలేదు, పేర్లు లేని చిన్న నివేదికతో సరిపెట్టింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో పూర్తి పాఠం బయటికొచ్చింది. పత్రికారంగం తనను తాను వార్తగా చూడాల్సి వచ్చినప్పుడు ఎంత తటపటాయిస్తుందో ఈ ఒక్క సంఘటన చెబుతుంది. అదే ఏడాది అక్టోబరులో, డబ్బిచ్చి వేయించుకున్న వార్తల ఖర్చును లెక్కల్లో చూపలేదన్న కారణంతో ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలి ఎమ్మెల్యేపై ఎన్నికల సంఘం మూడేళ్ల అనర్హత వేటు వేసింది. శిక్ష పడింది కొన్నవారికి. అమ్మినవారిని శిక్షించే నిబంధన ఎన్నికల చట్టంలో లేదు.

బల్ల వెనక ఎవరున్నారు

2006లో ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లిష్ మీడియా సంస్థల్లో నిర్ణయాధికారం గల 315 మందిపై జరిగిన సర్వేలో ఒక్క దళితుడు గానీ ఆదివాసీ గానీ లేరని తేలింది. తెలుగు డెస్కులు దీనికి పూర్తిగా భిన్నమని అనుకోవడానికి కారణాలు లేవు. కారంచేడు (1985), చుండూరు (1991) దళిత హత్యాకాండల కాలంలో దళితులు ‘నలుపు’ వంటి సొంత పత్రికలు నడుపుకోవలసి రావడమే ఈ లోటును చెప్పింది. ఏ వాడ నుంచి ఫోన్ వస్తే విలేకరి వెంటనే బయల్దేరతాడు, ఏ మరణం సింగిల్ కాలమ్‌కు పరిమితమవుతుంది అనేవి లిఖిత నియమాలు కావు. బల్ల వెనక ఉన్నవారికి ఏది మామూలుగా అనిపిస్తుందో, ఏది అసాధారణంగా అనిపిస్తుందో దాన్ని బట్టే నిర్ణయమవుతాయి.

పాఠకుడి కన్ను, ప్రభుత్వపు చెయ్యి

పక్షపాతాన్ని పసిగట్టడంలో పాఠకుడికీ పరిమితులున్నాయి. 1982 లెబనాన్ ఊచకోతపై ఒకే టీవీ వార్తలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇజ్రాయెల్ అనుకూలురకూ అరబ్బుల అనుకూలురకూ చూపించారు. ఆ వార్తలు తమకే వ్యతిరేకంగా ఉన్నాయని రెండు వర్గాలూ భావించాయి. 1985లో ప్రచురితమైన ఈ ఫలితం తెలుగు పాఠకుల తీరుకు బాగా సరిపోతుంది. తమ పార్టీని విమర్శించిన వాక్యం వెంటనే కంటికి తగులుతుంది. ఏ పార్టీకీ సంబంధం లేని లోపం కంటికి ఆనదు. అలాగని అందరూ సమానంగా పక్షపాతులేనని తేల్చేయడమూ తప్పే. ఆధారం చూపిన ఆరోపణకూ చూపని ఆరోపణకూ తేడా ఉంది, దాన్ని వార్తవారీగా పరిశీలించక తప్పదు.

ప్రభుత్వాలు ఈ లోపాన్ని సాకుగా వాడుకున్న తీరు ప్రమాదకరమైనది. తప్పుడు వార్తలపై కేసులు పెట్టేందుకు 2007లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం జీవో 938 తెచ్చింది. 2019 అక్టోబరు 30న జగన్ ప్రభుత్వం జీవో 2430తో ఆ అధికారాన్ని శాఖల కార్యదర్శులకు విస్తరించింది. రెండు సందర్భాల్లోనూ పాత్రికేయ సంఘాలు నిరసన తెలిపాయి. ఎవరి గురించి వార్త వచ్చిందో ఆ శాఖే దాని నిజానిజాలు తేల్చి కేసు వేసే ఏర్పాటు వల్ల విలేకరి మరింతగా అధికారిక ప్రెస్ నోట్‌కే కట్టుబడతాడు. చటాన్‌పల్లిలో కనిపించిన లోపం దీంతో తగ్గదు, పెరుగుతుంది.

మిగిలింది ప్రెస్ కౌన్సిల్. 1978 చట్టంలోని 14వ సెక్షన్ దానికి హెచ్చరించే, మందలించే, అభిశంసించే అధికారమే ఇచ్చింది, జరిమానా వేసే అధికారం ఇవ్వలేదు. అంతకంటే ముఖ్యమైన పరిమితి మరొకటుంది. కౌన్సిల్ ముందుకు సాధారణంగా వెళ్లేది అచ్చయిన వార్త మీద ఫిర్యాదు. పరువు పోయిందన్న నాయకుడో, వార్త వక్రీకరించారన్న సంస్థో ఆ ఫిర్యాదు చేయగలదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ల మీద ఏడాది పొడవునా ఏ పత్రికా రాయకపోతే, మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించిన కాంట్రాక్టరు పేరు ఏ ఎడిషన్‌లోనూ రాకపోతే, దాని మీద ఫిర్యాదు పత్రంలో జత చేయడానికి ఒక్క క్లిప్పింగ్ కూడా ఉండదు.